వైద్యం వదిలి బ్యాంకు పెట్టిన పట్టాభి

ఉద్యోగస్తుడికి వ్యాపారం అబ్బదని మన పెద్దలు అనేవారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కోరుకొండలో మనమూ టీ తాగుతూ ఏదో ఒక షాపు పెట్టాలని అనుకున్నవాళ్ళమే. ఒకటో తారీఖున జీతం చేతిలో పడగానే ఆ ఆలోచన అటకెక్కేది. అందుకే డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి సంగతి సభ్యులతో పంచుకోవాలనిపించింది.

ఆయన 1880 నవంబరు 24న గుండుగొలనులో, అంటే ఇప్పటి ఏలూరు జిల్లాలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ., ఆపైన వైద్యపట్టా పొంది బందరులో ప్రాక్టీసు పెట్టారు. వర్తకుల ఇంట పుట్టినవారు కారు. 1916లో ప్రాక్టీసు మానుకుని దేశసేవలో దిగారు. అప్పటికే సహకారోద్యమంలో పనిచేసి, రైతుకు అప్పు ఎక్కడ పుడుతుందో, ఎందుకు పుట్టదో చూసినవారు.

1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి ఎన్నో కుటుంబాల సొమ్ము మునిగింది. మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పెట్టడానికి పూనుకున్నది కృష్ణస్వామి అయ్యరుగారు, ఒక వకీలు. బందరులో 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఒక వైద్యుడు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. బ్యాంకుకు అసలు సరుకు నమ్మకం. నాడి చూసిన చేతికి డబ్బు అప్పగించడానికి జనం వెనుకాడలేదేమో, నాకైతే అలాగే తోస్తుంది. వృత్తి ఆయనకు అడ్డు కాకపోగా పెట్టుబడి అయింది.

ఇక స్వభావం. ఒకదానితో ఆగే మనిషి కాదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. అదే 1935లో కాంగ్రెసు చరిత్ర అంత లావు గ్రంథం. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాస్ బోసు మీద పోటీచేసి 1580కి 1377 ఓట్లతో ఓడారు. 1942 నుంచి దాదాపు మూడేళ్ళు అహమదునగరు కోటలో నిర్బంధం. బ్యాంకు ఆగలేదు, ఆయనా ఆగలేదు. 1948లో మళ్ళీ నిలిచి అధ్యక్షుడయ్యారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకులో పెన్షను తీసుకున్న మనవాళ్ళలో కొందరు ఆ పాత పాస్‌బుక్కులు ఇంకా దాచుకున్నారు.