వీలునామాలో అమ్మ పేరు

మన బల్కంపేట నుండి నడిచి అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గర్లోనే కోఠి మహిళా కళాశాల ఆవరణ ఉంది. దానికి ఇప్పుడు చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. అందులో పెద్ద పెద్ద స్తంభాలతో కనిపించే భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన దొర కూతురు కిట్టీ జీవితాన్ని మేము ఇక్కడ చెప్పదలిచాము.

ఆమె తండ్రి జేమ్స్ కిర్క్‌పాట్రిక్ నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. తల్లి ఖైరున్నీసా హైదరాబాదులోని గొప్ప ఇంటి ఆడపడుచు. కిట్టీ 1802లో పుట్టింది. ఇంట్లో ఆమెను సాహెబ్ బేగం అనేవారు. అన్న పేరు సాహెబ్ ఆలం. 1805లో పిల్లలిద్దరినీ చదువు కోసం ఓడలో ఇంగ్లండు పంపారు. అప్పటికి కిట్టీకి మూడేళ్ళు. అదే ఏడు అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806లో లండనులో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి 1813లో కన్నుమూసింది. బిడ్డలను మళ్ళీ చూడలేదు. అన్న కూడా 1828లో పోయాడు.

మరుసటి ఏడు కిట్టీకి ఫిలిప్స్ అనే సైనికాధికారితో పెళ్ళయింది. ప్రముఖ రచయిత కార్లైల్ తన పుస్తకంలోని ఒక నాయికను ఆమెను చూసే సృష్టించాడని చెబుతారు. ఇంత పేరున్నా, అమ్మ వైపు వాళ్ళు ఏమయ్యారో ఆమెకు తెలియలేదు. చివరకు 1841లో, హైదరాబాదు రెసిడెన్సీలో పనిచేసే ఒక అధికారి సాయంతో అమ్మమ్మ షరఫున్నీసా బతికే ఉందని తెలిసింది. మనవరాలు ఇంగ్లీషులో రాస్తే అమ్మమ్మ పారశీకంలో జవాబు పంపేది. ఒక ఉత్తరంతో పాటు ఖైరున్నీసా తలవెంట్రుకల పాయ కూడా పంపింది. ఆరేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ కలుసుకోకుండానే 1847లో అమ్మమ్మ చనిపోయింది. కిట్టీ 1889లో మరణించింది.

రెండు వందల ఏళ్ళ నాటి ఈ సంగతులు మనకెలా తెలిశాయి? కాగితాల వల్ల. జేమ్స్ తన వీలునామాలో పిల్లల తల్లి ఖైరున్నీసా అని పేరు పెట్టి, గౌరవంగా రాశాడు. ఆంగ్ల చట్టం ఆ పెళ్ళిని ఒప్పుకోకపోయినా ఆ కాగితం తల్లి పేరును కాపాడింది. చర్చి రిజిస్టరు, కంపెనీ దస్త్రాలు, అమ్మమ్మ ఉత్తరాలు కలిపి చదివే విలియం డాల్రింపుల్ 2002లో ఈ కుటుంబ చరిత్రను పుస్తకంగా తెచ్చాడు.

ఇది చదివినప్పుడు మాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. ముత్తాత పేరు అడిగితే మా నాయన కాసేపు ఆలోచించి తెలియదన్నాడు. ఆస్తి ఉన్నవాళ్ళకు వీలునామాలుంటాయి, కూలి చేసి బతికిన మన పెద్దలు ఏ కాగితంలో ఉన్నారు? హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరులో మన పేరు పక్కన రాసిన తండ్రి పేరే మనలో చాలామందికి వంశం మొదటి దస్తావేజు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చోండి. ఆమె పుట్టిన ఊరు, ఆమె తల్లి పేరు, చేసిన పనులు అడిగి ఒక నోటుబుక్కులో రాసి, తేదీ వేయండి. మనకు చదువొచ్చింది. మన అమ్మమ్మల పేర్లు పోకుండా చూడటం ఇక మన పని.