రాకెట్ పడిపోతే మైక్ ముందు ఆయన.. ఎగిరితే కలాం! షార్‌కి పేరిచ్చిన సతీష్ ధావన్ అసలేం చదివారో తెలుసా?

అనకాపల్లి: శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే చాలు.. అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర్నుంచి అమెరికాలో మన పిల్లలుండే గదుల దాకా ఫోన్లలో లైవ్ ఆన్ అయిపోతుంది. ఆ లైవ్‌లో ప్రతిసారీ వినిపించే పేరు.. సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం. రాకెట్ నిప్పులు చిమ్ముతూ లేవగానే ఇంటర్ చదివే పిల్లలకు ఏరోస్పేస్ ఇంజినీరింగ్ మీద మనసు పడుతుంది. సీటు వస్తుందా, ఫీజు ఎంత, ఉద్యోగం దొరుకుతుందా అని ఇంట్లో పెద్దవాళ్ల లెక్కలు మొదలవుతాయి. మరి ఆ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో, ఆయన ఎలా చదువుకున్నారు? ఆ చదువు దేశానికి ఏమిచ్చింది?

లెక్కలు.. ఇంగ్లీష్ సాహిత్యం.. ఆ తర్వాత ఇంజినీరింగ్!

ధావన్ పుట్టింది 1920 సెప్టెంబర్ 25న, శ్రీనగర్‌లో. కాలేజీ చదువంతా లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో. ముందు గణితం, ఫిజిక్స్‌తో బీఏ. తర్వాత ఇంగ్లీష్ సాహిత్యంలో ఎంఏ. అక్కడితో ఆగలేదు, 1945లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా కూడా అందుకున్నారు. ఇవాళ ఏ ఇంట్లో పిల్లాడైనా ఇలా దారులు మారిస్తే కుదురు లేదని తిట్టేస్తారు. కానీ ధావన్‌కి ఇవన్నీ తర్వాత పనికొచ్చాయి.

కొన్నాళ్లు బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో పనిచేసి అమెరికా వెళ్లారు. 1947లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ పూర్తి చేశారు. సరిగ్గా అదే ఏడాది దేశం రెండు ముక్కలైంది. ఆయన చదువుకున్న లాహోర్ పాకిస్థాన్‌లోకి వెళ్లిపోయింది. ధావన్ మాత్రం చదువు ఆపలేదు. కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో చేరి, 1951లో హాన్స్ లీప్‌మన్ అనే ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఇంతకీ ఏం కనిపెట్టారు? విమానం దూసుకెళ్తుంటే గాలి దాని ఒంటిని రాసుకుంటూ వెనక్కి లాగుతుంది. దాన్నే స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. ఈ లాగుడు ఎంతో తెలియకపోతే ఇంజిన్‌కి ఎంత బలం కావాలో లెక్క తేలదు. కానీ అది చాలా చిన్న బలం. కాగితం మీద అంచనా వేయడం వేరు, చేత్తో పట్టి కొలవడం వేరు. ధావన్ విండ్ టన్నెల్‌లో ఆ బలాన్ని నేరుగా కొలిచి చూపించారు.

బెంగళూరులో మాస్టారు

అంత చదువు చదివినవాడికి అమెరికాలో కొలువుకి కొదవా? అయినా 1951లోనే ఇండియాకి వచ్చేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. 1955కల్లా ఏరోనాటికల్ విభాగానికి అధిపతి. ధ్వని కంటే వేగంగా గాలి వీచే చిన్న విండ్ టన్నెల్‌ని అక్కడే కట్టించారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఆయన దగ్గర చదివిన రొద్దం నరసింహ ఆ తర్వాత కాల్టెక్ వెళ్లి, అదే లీప్‌మన్ దగ్గర పీహెచ్‌డీ చేసి తిరిగొచ్చారు. గురువు నడిచిన దారిలోనే శిష్యుడూ నడిచాడన్నమాట.

1962లో ఆ సంస్థకి ధావన్ డైరెక్టర్ అయ్యారు. ఇక్కడో విశేషం ఉంది. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నది మన తెలుగువారే.. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం.

ప్రధాని పిలిస్తే రెండు షరతులు!

1971 డిసెంబర్‌లో విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా కన్నుమూశారు. ఇస్రోని ఎవరు నడపాలి? ప్రధాని ఇందిరా గాంధీ ధావన్‌కి కబురు పెట్టారు. అప్పుడాయన కాల్టెక్‌లో ఉన్నారు. వస్తానన్నారు కానీ రెండు షరతులు పెట్టారు. ఒకటి, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. రెండు, డైరెక్టర్ పని మాత్రం వదలను, పాఠాలు చెప్పే చోటే ఉంటాను. ప్రధాని ఒప్పుకున్నారు. 1972లో ఇస్రో బాధ్యతలు తీసుకుని 1984 వరకు నడిపించారు.

ఆ రోజు శ్రీహరికోటలో ఏం జరిగింది?

1979 ఆగస్టు 10. సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు దాటాక ఉండే శ్రీహరికోట. సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపాలని దేశం చేసిన తొలి ప్రయత్నం, ఎస్ఎల్‌వీ-3. ప్రాజెక్టు పగ్గాలు అబ్దుల్ కలాం చేతిలో. ఆయన కూడా మద్రాస్ ఎంఐటీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివినవారే. రాకెట్ లేచింది. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. కాసేపటికే బంగాళాఖాతంలో పడిపోయింది.

ఏళ్ల తరబడి చేసిన పని నిమిషాల్లో నీళ్లపాలు. బయట విలేకరులు ఎదురుచూస్తున్నారు. తప్పు ఎవరిదో చెప్పాలి కదా? ధావన్ కలాంని ముందుకు నెట్టలేదు. తానే విలేకరుల ముందు కూర్చున్నారు. విఫలమయ్యామని ఒప్పుకున్నారు. తన బృందం మీద నమ్మకం ఉందని, వచ్చే ఏడాదికల్లా సాధిస్తామని చెప్పారు. విమర్శలన్నీ ఆయన మీదే పడ్డాయి.

సరిగ్గా ఏడాది తిరక్కుండానే, 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 మళ్లీ లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి ధావన్ పక్కకి తప్పుకుని, విలేకరుల దగ్గరికి కలాంని పంపారు. ఓటమి వస్తే పెద్దవాడు మోయాలి, గెలుపు వస్తే బృందానికి ఇవ్వాలి.. తాను నేర్చుకున్న గొప్ప పాఠం ఇదేనని కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

పక్షులు ఎలా ఎగురుతాయో వివరిస్తూ ధావన్ ఒక పుస్తకం కూడా రాశారు. 2002 జనవరి 3న ఆయన కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు ఈ చదువు కోసం లాహోర్, కాల్టెక్ దాకా వెళ్లక్కర్లేదు. మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ ఉంది. తిరువనంతపురంలో అంతరిక్ష విభాగానికి చెందిన ఐఐఎస్‌టీ ఉంది. వీటన్నిటికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఆ ర్యాంకు రాకపోతే? మెకానికల్ చదివి, ఆ తర్వాత ఏరోనాటిక్స్‌కి మారొచ్చు. సతీష్ ధావన్ చేసింది కూడా అదే!