చితిలో నుండి ఏరుకున్న ఎముకలు: పునీత పొలికార్పు జీవితం



ఇంట్లో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు విచారణ గురువులను అడిగే ప్రశ్నలలో ఈ మధ్య ఒకటి ఎక్కువగా వినబడుతోంది. మా నాన్నగారిని ఖననం చేయాలా, దహనం చేయవచ్చా? పట్నాలలో సమాధుల తోటలు నిండిపోయాయి. కొందరి బిడ్డలు విదేశాల్లో మరణిస్తే శరీరానికి బదులు బూడిద మాత్రమే ఇంటికి చేరుతోంది. కొన్ని కుటుంబాల్లో సగం మంది క్రైస్తవులు, సగం మంది హైందవులు. మరికొందరి మనస్సులో ఇంకొక భయం ఉంది. అగ్ని ప్రమాదంలో పోయిన బిడ్డ, శరీరమే మిగలని బిడ్డ, కడపటి దినాన ఎలా లేస్తాడు?

ఈ ప్రశ్నలకు నియమాలతో జవాబు చెప్పవచ్చు, చివరలో చెబుతాం కూడా. కాని అంతకంటె ముందు ఒక వృద్ధ పీఠాధిపతి జీవితాన్ని తెలుసుకోవడం మేలు. ఆయన శరీరాన్ని కాల్చారు. ఆయన బిడ్డలు ఏమి చేశారో అదే మనకు మొదటి పాఠం.

యోహానుగారి శిష్యుడు

పునీత పొలికార్పు క్రీ.శ. 69 ప్రాంతంలో జన్మించారు. ఆయన ఊరు చిన్న ఆసియాలోని స్మిర్నా. ఇప్పుడది తుర్కీ దేశంలో ఇజ్మీర్ అనే రేవు పట్టణం. దర్శన గ్రంథములో ప్రభువు లేఖలు పంపించిన ఏడు సంఘాలలో స్మిర్నా ఒకటి. శ్రమలు రానున్నాయి, భయపడవద్దని ఆ సంఘానికి ముందే హెచ్చరిక అందింది.

పొలికార్పుగారు ప్రభువును కన్నులారా చూచిన వారితో కలిసి మెలిసి తిరిగినవారు. ముఖ్యంగా పునీత యోహానుగారి నోట ప్రభువు మాటలను విన్నవారు. ఈ సంగతి మనకు చెప్పినది పునీత ఇరనేయుస్‌గారు. ఆయన చిన్నతనంలో పొలికార్పుగారి కాళ్ళ దగ్గర కూర్చుని బోధ విన్నారు. ముసలితనంలో కూడా ఆ గురువు కూర్చునే చోటు, నడిచే తీరు, ముఖకవళికలు తనకు నిన్న మొన్నటి సంగతుల కంటె బాగా జ్ఞాపకమున్నాయని వ్రాసుకున్నారు. యోహానుగారి నుండి పొలికార్పుగారికి, పొలికార్పుగారి నుండి ఇరనేయుస్‌గారికి విశ్వాసం ఆ విధంగా చేతి నుండి చేతికి అందింది.

సుమారు క్రీ.శ. 107లో అంతియోకయ పీఠాధిపతి పునీత ఇగ్నేషియస్‌గారిని సంకెళ్ళు వేసి, పదిమంది సైనికుల కాపలాలో రోముకు తీసుకుపోతూ స్మిర్నాలో ఆపారు. పొలికార్పుగారు ఆయనను ఆదరించారు. ఇగ్నేషియస్‌గారు అక్కడ ఉండగానే రోము క్రైస్తవులకు ఒక లేఖ వ్రాశారు. క్రూరమృగాలే తనకు సమాధి కావాలని, తన శరీరంలో ఏమీ మిగలకపోతే తన మూలంగా ఎవరికీ భారం ఉండదని అందులో కోరుకున్నారు. చూడండి, శరీరం మిగలకపోతే పునరుత్థానం ఉండదేమోననే దిగులు ఆయనకు లేదు. ఆ ధైర్యాన్ని పొలికార్పుగారు యౌవనంలోనే దగ్గరగా చూశారు.

తరువాత పొలికార్పుగారు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన లేఖ నేటికీ మనకు దొరుకుతోంది. ఆ సంఘంలో వాలెన్సు అనే గురువు ధనాశకు లోబడి పడిపోయాడు. అతనిని, అతని భార్యను శత్రువులుగా చూడవద్దని, దారి తప్పిన అవయవాలుగా ఎంచి తిరిగి చేర్చుకోవాలని పొలికార్పుగారు బతిమాలారు. ఆయన హృదయం అటువంటిది.

వృద్ధాప్యంలో ఆయన రోముకు ప్రయాణం చేసి, జగద్గురువులు అనిసేతుస్‌గారిని కలుసుకున్నారు. పాస్కా పండుగను ఏ రోజున జరుపుకోవాలన్న విషయంలో తూర్పు వారి ఆచారం వేరు, రోము ఆచారం వేరు. ఇద్దరూ మాట్లాడుకున్నారు గాని, ఒకరు మరొకరిని ఒప్పించలేకపోయారు. అయినా జగద్గురువులు తమ దేవాలయంలో బలి అర్పించే గౌరవాన్ని పొలికార్పుగారికి ఇచ్చారు. ఇద్దరూ సమాధానంతో విడిపోయారు. ఆచారంలో తేడా ఉన్నా విశ్వాసం ఒక్కటేనని ఆ ఇద్దరికీ తెలుసు.

వేదసాక్షి మరణం

క్రీ.శ. 155 ప్రాంతంలో స్మిర్నాలో హింస చెలరేగింది. అక్కడ జరిగినదంతా స్మిర్నా సంఘస్థులే ఫిలొమేలియం సంఘానికి లేఖగా వ్రాసి పంపారు. మనం ఇక్కడ చెప్పుకునేది ఆ లేఖలోని సంగతులే.

క్వింటుస్ అనే ఒకడు తనంతట తానే వెళ్ళి అధికారులకు పట్టుబడ్డాడు. తీరా మృగాలను చూచి భయపడి విశ్వాసాన్ని వదులుకున్నాడు. పొలికార్పుగారు అలా ఎగబడి పోలేదు. మొదట పట్నంలోనే ఉంటానన్నారు గాని, బిడ్డలు బతిమాలితే దగ్గరలోని ఒక పొలంలో ఇంటికి వెళ్ళి రాత్రింబవళ్ళు ప్రార్థన చేస్తూ గడిపారు. పట్టుబడటానికి మూడు రోజుల ముందు, ప్రార్థనలో ఉండగా తన తలగడ మంటల్లో కాలిపోతున్నట్టు దర్శనం కలిగింది. తాను సజీవంగా దహింపబడవలసి ఉందని ఆయన దగ్గర ఉన్నవారికి చెప్పారు.

శుక్రవారం పొద్దుపోయాక సైనికులు ఇంటిని చుట్టుముట్టారు. పారిపోవడానికి ఇంకా వీలుంది. ఆయన దేవుని చిత్తమే జరుగనీయమని చెప్పి క్రిందికి దిగి వచ్చారు. వచ్చినవారికి కడుపు నిండా భోజనం పెట్టమని ఇంటివారికి చెప్పారు. తనకు ఒక గంట ప్రార్థన చేసుకునే వీలు ఇమ్మని అడిగారు. నిలుచుండి రెండు గంటలు ప్రార్థించారు. తన జీవితంలో తనకు తారసపడిన చిన్నా పెద్దా అందరినీ, లోకమంతటా ఉన్న శ్రీసభను ఆ ప్రార్థనలో తలచుకున్నారు. ఇంత ముసలి మనిషిని పట్టుకోవడానికా మనం ఇంత హడావుడిగా వచ్చామని సైనికుల్లో కొందరు సిగ్గుపడ్డారు.

ఆయనను గాడిద మీద ఎక్కించి పట్నానికి తీసుకుపోయారు. దారిలో రక్షకభట అధికారి హేరోదు, అతని తండ్రి నిసేతెస్ తమ బండిలో ఎక్కించుకున్నారు. చక్రవర్తిని ప్రభువని ఒక్క మాట అని ప్రాణం దక్కించుకోమని నచ్చజెప్పారు. ఆయన ఒప్పుకోకపోయేసరికి బండిలో నుండి తోసేశారు. మోకాలి క్రింద గాయమైనా లెక్కచేయక ఆయన నడిచి వెళ్ళారు.

క్రీడారంగంలో రోమా అధిపతి ఆయన వయస్సును చూచి జాలిపడ్డాడు. క్రీస్తును దూషిస్తే వదిలిపెడతానన్నాడు. తాను 86 సంవత్సరాలుగా ఆయనను సేవిస్తున్నానని, ఆయన తనకు ఏ అపకారమూ చేయలేదని, తనను రక్షించిన రాజును ఎలా దూషించగలనని పొలికార్పుగారు అడిగారు. మృగాలకు వేస్తానంటే బెదరలేదు. అగ్నికి అప్పగిస్తానంటే, గంటసేపు మండి ఆరిపోయే నిప్పుతో బెదిరిస్తున్నావు గాని రానున్న తీర్పులోని అగ్నిని నీవు ఎరుగవని జవాబు చెప్పారు.

జనం అంగళ్ళ నుండి, స్నానశాలల నుండి కట్టెలు, చితుకులు మోసుకొచ్చారు. మేకులు కొట్టబోతే, నిలబడే బలం ప్రభువే ఇస్తాడని ఆయన వద్దన్నారు. చేతులు వెనుకకు కట్టారు. ఆయన ఆకాశం వైపు చూచి కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ఆత్మకూ శరీరానికీ కూడా నిత్యజీవపు పునరుత్థానంలో పాలు దొరుకుతున్నందుకు దేవుణ్ణి స్తుతించారు. ఈ మాటను మరువకండి. క్షణంలో బూడిద కానున్న శరీరం కోసం, శరీర పునరుత్థానాన్ని తలచుకుని ఆయన వందనాలు చెప్పారు.

నిప్పు అంటించారు. గాలికి ఉబ్బిన తెరచాపలాగా మంటలు ఆయన చుట్టూ నిలిచాయని, మధ్యలో ఆయన దేహం కాలుతున్న రొట్టెలాగా, కొలిమిలోని బంగారంలాగా కనిపించిందని, సువాసన వచ్చిందని చూచినవారు వ్రాశారు. చివరకు ఒకడు బాకుతో పొడిచి ప్రాణం తీశాడు.

ఎముకలను ఏరుకున్నారు

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆయన శరీరాన్ని తీసుకుపోవాలని స్మిర్నా క్రైస్తవులు కాచుకుని ఉన్నారు. శరీరాన్ని వారికి ఇవ్వవద్దని నిసేతెస్ వెళ్ళి అధికారికి చెప్పాడు. ఇస్తే వీళ్ళు సిలువ వేయబడినవానిని విడిచి ఇతనిని పూజిస్తారన్నాడు. అందుకే శతాధిపతి ఆ దేహాన్ని నడిమధ్యన పెట్టించి పూర్తిగా కాల్పించాడు.

ఆ నింద గురించి స్మిర్నావారు స్పష్టంగా వ్రాశారు. మేము ఆరాధించేది దేవుని కుమారుణ్ణి, వేదసాక్షులను ఆయన శిష్యులుగా ప్రేమిస్తామని చెప్పారు. చితి చల్లారాక వెళ్ళి, మిగిలిన ఎముకలను ఏరుకున్నారు. అవి రత్నాల కంటె విలువైనవని, బంగారం కంటె మేలైనవని ఎంచుకున్నారు. తగిన చోట భద్రపరిచారు. ప్రతి సంవత్సరం ఆయన వేదసాక్షి మరణ దినాన అక్కడ చేరి, ఆ రోజును ఆయన పుట్టినరోజుగా సంతోషంతో జరుపుకోవాలని నిశ్చయించుకున్నారు. పునీతుల అవశేషాలను గౌరవించడానికి, వర్ధంతి దినాన సమాధి దగ్గర ప్రార్థించడానికి ఇంత పాత సాక్ష్యాలు బహు కొద్ది. నేడు శ్రీసభ ఆయన పండుగను ఫిబ్రవరి 23న జరుపుకుంటోంది.

సుమారు ఇరవై సంవత్సరాల తరువాత, క్రీ.శ. 177లో, గాల్ దేశంలోని లియోన్ పట్నంలో ఇంకా ఘోరం జరిగింది. వేదసాక్షుల దేహాలను ఆరు రోజులు ఎండకూ వానకూ వదిలేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలోకి ఊడ్చేశారు. ఇక వీరు ఎలా లేస్తారో చూద్దామన్నది ఆ హింసకుల ఎగతాళి. పొలికార్పుగారి శిష్యుడు ఇరనేయుస్‌గారు అప్పుడు ఆ సంఘంలోనే గురువు. తరువాత అక్కడే పీఠాధిపతి అయ్యారు. శరీర పునరుత్థానాన్ని ఆయన అంత గట్టిగా ఎందుకు బోధించారో దీన్నిబట్టి మనం ఊహించుకోవచ్చు.

మనకు పాఠం

ఈ జీవితంలో రెండు సత్యాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది, అగ్ని దేవుని చేతిని ఆపలేదు. మట్టి నుండి మనిషిని చేసినవాడు బూడిద నుండి లేపలేడా? కాబట్టి ప్రమాదంలో కాలిపోయిన బిడ్డ కోసం, దహనం చేయవలసి వచ్చిన తల్లి కోసం ఎవరూ నిరాశపడనవసరం లేదు. రెండవది, దేవుడు లేపగలడు గదా అని స్మిర్నావారు ఆ ఎముకలను గాలికి వదిలేయలేదు. జ్ఞానస్నానం పొందిన శరీరం, దివ్యసత్ప్రసాదం స్వీకరించిన శరీరం పవిత్రాత్మకు ఆలయం. మిగిలినది పిడికెడే అయినా దానికి గౌరవం ఉంది, ఒక చోటు ఉంది, ప్రార్థన ఉంది.

శ్రీసభ నియమాలు ఈ రెండు సత్యాల మీదనే నడిచాయి. రోమనులలో దహనం మామూలే అయిన కాలంలో కూడా క్రైస్తవులు ప్రభువు సమాధిని తలచుకుని ఖననాన్నే ఎంచుకున్నారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో కొందరు, ఆత్మ లేదు, పునరుత్థానం లేదు అని చాటడానికే దహనాన్ని ప్రచారం చేశారు. అందువల్ల 1886లో శ్రీసభ దానిని నిషేధించింది. ఆ ఉద్దేశం తగ్గిపోయాక 1963లో ఆ కఠిన నియమాన్ని సడలించింది. 1983 నాటి శ్రీసభ చట్టస్మృతి ఖననాన్నే గట్టిగా సిఫారసు చేస్తుంది. క్రైస్తవ బోధకు విరుద్ధమైన కారణాలతో ఎంచుకుంటే తప్ప దహనాన్ని నిషేధించదు. 2020లో కరోనా రోజుల్లో కేరళలోని అలప్పుళ మేత్రాసనం, ఆ వ్యాధితో మరణించిన వారిని దేవాలయ ఆవరణలోనే దహనం చేసి, బూడిదను సమాధుల తోటలో ఖననం చేయడానికి అనుమతించింది.

బూడిద విషయంలో వాటికన్ 2016లో ఇచ్చిన ఆదేశం స్పష్టంగా ఉంది. దానిని సమాధుల తోటలో గాని, దేవాలయంలో గాని, శ్రీసభ అందుకోసం కేటాయించిన పవిత్ర స్థలంలో గాని ఉంచాలి. గాలిలో చల్లకూడదు, నేల మీద వెదజల్లకూడదు, నీటిలో కలపకూడదు. నగలలోనో, జ్ఞాపికలలోనో దాచుకోకూడదు. ఇంట్లో ఉంచుకోవడం మామూలుగా తగదు. బంధువులతో అభిప్రాయ భేదం వస్తుందని తెలిసిన కుటుంబాలు, దుఃఖ సమయం వచ్చేదాకా ఆగకుండా ముందే ఇంటిలో మాట్లాడుకుని, విచారణ గురువులను సంప్రదించడం మంచిది. మన హైందవ బంధువులు తమ వారి అస్థికలను భక్తితో నదిలో కలుపుతారు. వారి భక్తిని మనం చిన్నచూపు చూడరాదు. మన ఆచారం ఎందుకు వేరో మర్యాదగా చెప్పగలిగితే చాలు.

ఆ చోటు ఎందుకంత ముఖ్యం? మన తరువాత పుట్టే మనుమలు వచ్చి నిలబడి, పేరు చదివి, ఒక ప్రార్థన చెప్పడానికి. ఇక్కడ పడుకున్నవారు పోయినవారు కారు, మేలుకొలుపు కోసం నిద్రపోతున్నవారు అని గుర్తు చేసుకోవడానికి.

నవంబరులో సమాధుల తోటకు వెళ్ళినప్పుడు, మీ పెద్దల సమాధి మీద కొవ్వొత్తి వెలిగించినప్పుడు, పక్కనే ఎవరూ రాని సమాధి ఒకటి ఉంటే అక్కడ కూడా ఒకటి వెలిగించండి. చితిలో నుండి ఎముకలను ఏరుకున్న స్మిర్నా క్రైస్తవులు ప్రభువును ప్రేమించినందువల్లనే ఆ పని చేశారు. మనం చేసేది కూడా ఆ ప్రేమతోనే చేద్దాం.

పునీత పొలికార్పుగారా, మా కోసమూ, మా మృతుల కోసమూ వేడుకొనండి.