డిగ్రీ లేని ప్రిన్సిపాల్

టెక్నాలజీ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరా అన్న చర్చ ఈనాటిది కాదు. కోయంబత్తూరులో జి.డి. నాయుడు ఆ చర్చను ఏకంగా ప్రభుత్వం ముందే పెట్టారు.

1893లో కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. బడి చదువు మొదట్లోనే ఆగిపోయింది. హోటల్లో సర్వర్‌గా పనిచేసి, జీతం కూడబెట్టి మోటార్‌సైకిల్ కొన్నారు. దాన్ని ముక్కలుముక్కలుగా విప్పి, మళ్లీ బిగించారు. ఇంజినీరింగ్‌లో ఆయన ఓనమాలు దిద్దింది అక్కడే. 1920లో పొళ్లాచి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన వ్యాపారం పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. 1937లో డి. బాలసుందరంతో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారు చేశారు.

అసలు గొడవ ఆ తర్వాతే. ఆయన విరాళాలతో మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ వెలిశాయి. 1945లో కాలేజీకి ప్రిన్సిపాల్ ఎవరు? పట్టా లేని నాయుడే! నాలుగేళ్ల కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేయడమేనని, రెండేళ్లు చాలని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ససేమిరా అంది. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

డిగ్రీ దండగ అనేవాళ్లు నాయుడును సాక్షిగా పిలవడం మామూలే. కానీ చదువే అక్కర్లేదనుకున్న మనిషి కాలేజీకి డబ్బు పెట్టరు. ఆయన పేచీ చదువుతో కాదు, అది మింగే ఏళ్లతో. అయితే తన చురుకు ప్రతి విద్యార్థికీ ఉంటుందని నమ్మడం కాస్త అత్యాశే.

1974లో ఆయన కన్నుమూశారు. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అక్కడ బీఈ ఇప్పటికీ నాలుగేళ్లే.