తలనొప్పిని వెంటపెట్టుకుని తిరిగిన జిడ్డు కృష్ణమూర్తి

మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసేవాళ్లకైనా, పుంగనూరులో కుట్టుమిషన్ ముందు కూర్చునేవాళ్లకైనా, కుప్పంలో రైలెక్కి బెంగళూరు డ్యూటీకి పోయేవాళ్లకైనా సాయంత్రానికి మెడ పట్టేయడం, తలనొప్పి మామూలే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికీ ఈ బాధ తప్పలేదు.

చిన్నతనంలోనే దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆయన్ని జగద్గురువు చేయాలనుకున్నారు. 1911లో ఒక సంఘం పెట్టి దానికి అధిపతిని చేశారు. పదహారేళ్ల పిల్లాడికి అది మామూలు బరువు కాదు. 1922లో అమెరికాలోని ఓహైలో మెడ, వెన్ను, తల భరించలేనంతగా నొప్పి పెట్టాయి. 1929లో ఆ సంఘాన్ని తానే రద్దు చేసేశారు. బరువు దిగింది గానీ తలనొప్పి దిగలేదు, ఏళ్ల తరబడి వస్తూ పోతూనే ఉండింది. ఆయన దాన్ని రోగమనుకోలేదు, అది వేరే సంగతి.

ఒంటిని మాత్రం అశ్రద్ధ చేయలేదు. బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర ఆసనాలు నేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ల వయసులో, తనకంటే నలభై ఏళ్లకు పైగా చిన్నవాడైన టి.కె.వి. దేశికాచార్ దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దారు. ఈసారి ఊపిరితో కలిపి ఒంటిని మెల్లగా కదపడం. ప్రపంచమంతా వినే మనిషి ఒక కుర్రాడి ముందు శిష్యుడిగా నిలబడటం చిన్న విషయమా? సాయంత్రం నడక కూడా ఉండేది, రిషి వ్యాలీకి వచ్చినా మానలేదు.

1986 ఫిబ్రవరి 17న ఓహైలోనే కన్నుమూశారు. అప్పటికి 90 ఏళ్లు.