ఉప్పు అమ్మి శిబిరం నడిపిన లచ్చన్నగారు

మన నౌపడ ఉప్పు కొఠారులు చూసినప్పుడల్లా నాకు సర్దార్ గౌతు లచ్చన్నగారే (1909–2006) గుర్తుకొస్తారు. బారువలో పుట్టిన ఆయన 1930లో సముద్రపు నీటితో ఉప్పు వండి, అమ్మి, ఆ డబ్బుతోనే సత్యాగ్రహ శిబిరం నడిపారు. ఈ కొఠారులపై దాడి చేసి టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లు చూశారు. 1967లో సోంపేట శాసనసభ స్థానం, శ్రీకాకుళం లోక్‌సభ స్థానం రెండూ గెలిచి, చిత్తూరులో ఓడిన గురువు రంగాగారి కోసం లోక్‌సభ వదులుకున్నారు. గురుభక్తి గొప్పదే, కానీ ఉపఎన్నిక జరిపే ఖర్చు ఖజానాదే కదా! గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? అభ్యర్థి పెట్టే ఖర్చు వేరు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో దాని లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఒప్పజెప్పాలి. మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థికి 2022లో పెట్టిన పరిమితి 40 లక్షల రూపాయలు. పార్టీలు పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు.