ఘంటసాల పాటల కూర్పు – ఒక జీవితకథ

గాయకుడు గతించిన పిమ్మట ఆయన పాటలను ఏర్చి ఒక సంపుటిగా కూర్చుట చూచువారికి సులభమైన పనిగా తోచును. జనులు మిక్కిలి మెచ్చిన పదునైదు, ఇరువది పాటలను వరుసగా చేర్చినచో సంపుటి సిద్ధమగును. అట్టిది చెవికి ఇంపుగా ఉండవచ్చును గాని, దానివలన గాయకుని జీవితము తెలియదు. ఆయన ఎక్కడ బయలుదేరెను, ఏమి నేర్చెను, ఏమి మార్చెను, తుదకు ఎక్కడకు చేరెను అను ప్రశ్నలకు అందు సమాధానము దొరకదు. ముప్పది ఏండ్లపాటు తెలుగునాట ఇంటింట వినిపించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి విషయమున ఈ చిక్కు మరింత ఎక్కువ. సోమశిలలోని ఒక బడిపిల్లవానికి ఒకే ఒక సంపుటి ద్వారా ఆయనను పరిచయము చేయవలసి వచ్చినచో, ఉపాధ్యాయుడు ఏ పాటలను ఏర్చవలెను? ఆయన జీవితమును మొదటినుండి చూచినగాని దీనికి బదులు దొరకదు.

ఘంటసాలవారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండెడివారు. తండ్రి పాటకు పసిబాలుడైన కుమారుడు అడుగులు వేయుచుండెడివాడు. ఆ ముచ్చట ఎంతో కాలము సాగలేదు. బాల్యము వీడకముందే తండ్రి కన్నుమూసెను. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్నది ఆయన తుదికోరిక. ఆ కోరికయే పిల్లవానికి దారిబత్తెమైనది.

చేతి ఉంగరమును అమ్ముకొని ఆ బాలుడు విజయనగరము చేరెను. అక్కడి మహారాజా సంగీతకళాశాల ఆనాడు ఆంధ్రదేశమునకు సంగీతక్షేత్రము. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను శిష్యునిగా స్వీకరించి, పైకము కోరక విద్య చెప్పిరి. గురువు విద్యాదానము చేయగలిగిరి గాని, పూటపూటకు అన్నము పెట్టగల సంపన్నులు కారు. శిష్యుడు జోలె భుజమున వేసికొని మధుకరమునకు బయలుదేరెను. ఇల్లిల్లు తిరిగి తెచ్చుకొన్న అన్నము తినుచు, కర్ణాటక సంగీతమున పట్టు సాధించెను. ఆ గురుఋణమును ఆయన జీవితాంతము మరువలేదు. గురువుగారి కుమారుడైన పట్రాయని సంగీతరావుగారు తరువాతి కాలమున ఘంటసాలవారికి సహాయకులై చిరకాలము వెన్నంటి నిలిచిరి.

ఈ విద్యార్థిదశకు సంబంధించిన రికార్డు ఏదియు లేదు. అయినను దానిని సంపుటి వదలరాదు. ఆనాటి సాధన ఫలము పెండ్యాల నాగేశ్వరరావుగారు సంగీతము కూర్చిన జయభేరి (1959) చిత్రమునను, ఘంటసాలవారే స్వరపరచిన రహస్యం (1967) చిత్రమునను స్పష్టముగా వినిపించును. వీనిలోనుండి ఒక్క పాటయైనను చేర్చినగాని, విజయనగరపు వీథులలో జోలె పట్టిన బాలుడు ఏమి సంపాదించెనో వినువారికి తెలియదు.

విద్య ముగించి స్వగ్రామము చేరిన ఆ యువకుడు 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని కారాగారవాసము అనుభవించెను. బళ్ళారి సమీపమునందలి అలీపురము జైలు ఆయనకు కొంతకాలము నివాసమయ్యెను. విడుదలయైన పిదప 1944లో సావిత్రిగారితో వివాహము జరిగెను. సముద్రాల రాఘవాచార్యులుగారు ఆయన గానమును విని, మద్రాసునకు రమ్మని ప్రోత్సహించిరి. మద్రాసులో వెంటనే అవకాశములు రాలేదు. పానగల్ పార్కులోని బల్లమీద రాత్రులు గడపిన దినములును కలవు. ఆకాశవాణిలో పాడుట, హెచ్.ఎం.వి. సంస్థలో పేకేటి శివరాంగారి ప్రోద్బలమున రికార్డులిచ్చుట ఆయనకు తొలి ఆధారములు. 1944లో సీతారామ జననం చిత్రమున బృందగానములో గొంతు కలిపిరి. 1945లో స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో కలిసి పాడిరి.

సంపుటులు కూర్చువారు సాధారణముగా ఈ తొలి పాటలను వదలివేయుదురు. ధ్వని స్పష్టముగా ఉండదనియు, కంఠము ఇంకను పక్వము కాలేదనియు వారి కారణము. కాని విద్యార్థికి కావలసినది ఆ పచ్చిదనమే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆనాటి రికార్డు, ఒక్కొక్క ప్రక్కన మూడు, మూడున్నర నిమిషములకు మించి పట్టదు. గంటలకొలది రాగవిస్తారము చేయ నేర్చిన విద్వాంసుడు ఆ కొద్ది వ్యవధిలో పల్లవిని, చరణములను, భావమును ఇమిడ్చవలెను. చెప్పవలసినదానిని క్లుప్తముగా, నిండుగా చెప్పు శక్తి ఆయనకు ఆ ఇరుకులోనే అలవడినది.

1949లో వచ్చిన కీలుగుర్రం, మనదేశం చిత్రములతో ఘంటసాలవారు సంగీతదర్శకులుగా నిలద్రొక్కుకొనిరి. 1951లో పాతాళభైరవి ఆయన పేరును పల్లెపల్లెకు చేర్చెను. మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), లవకుశ (1963) ఆ కీర్తిని స్థిరపరచెను. వీనిలో ఆయన పాడిన పాటలతోపాటు, ఇతరులచే పాడించిన పాటలును కలవు. పి. లీల, పి. సుశీల కలిసి పాడిన లవకుశ గీతములందు ఘంటసాలవారి కంఠము లేదు, ఆయన బుద్ధి ఉన్నది. కనుక ఆయన సంపుటిలో ఆయన పాడని పాట ఒకటి ఉండుట దోషము కాదు, అవసరము.

దీనికి ఎదురుగా మరియొక విషయము కలదు. దేవదాసు (1953) చిత్రమున ఆయన కేవలము గాయకుడు. సంగీతము సి.ఆర్. సుబ్బురామన్‌గారిది. చిత్రము విడుదలకు ముందే 1952లో సుబ్బురామన్‌గారు మరణించిరి. స్వయముగా సంగీతదర్శకుడైన గాయకుడు మరియొకరి ఊహకు లోబడి, ఆ ఊహను తనదిగా చేసికొని పాడుట సామాన్య విషయము కాదు. ఎన్.టి. రామారావుగారికి పాడినప్పుడు ఒక రీతి, అక్కినేని నాగేశ్వరరావుగారికి పాడినప్పుడు వేరొక రీతి. ఈ భేదము తెలియుటకై ఇద్దరి పాటలను ప్రక్కప్రక్కన ఉంచి వినిపింపవలెను.

తెలుగు ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసినది పద్యగానము. పూర్వము రంగస్థలమున పద్యము చదివిన నటుడు తుది అక్షరమును పట్టుకొని దీర్ఘముగా రాగము తీయుచుండెను. ప్రేక్షకులు మెచ్చుకొనిరి గాని, పద్యార్థము పలుమారు ఆ రాగమున మునిగిపోవుచుండెను. ఘంటసాలవారు రాగమును అర్థమునకు సేవకునిగా చేసిరి. సమాసమును ఎక్కడ విరువవలెనో, ఏ పదముపై నిలువవలెనో ఎరిగి, ఒక్క అక్షరమును మ్రింగక పలికిరి. కవిబ్రహ్మ తిక్కన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానమున వెలసిన మహాకవి. ఆయన విరాటపర్వమునందు బృహన్నల వేషముననున్న అర్జునుడు కౌరవవీరులను, వారి ధ్వజములనుబట్టి ఉత్తరునకు చూపు ఘట్టము కలదు. నర్తనశాల (1963) చిత్రమున ఆ ఘట్టపు పద్యమును ఘంటసాలవారు పాడిరి. పెన్నాతీరమున పెరిగిన పిల్లలకు తిక్కనను తరగతిలో చెప్పునప్పుడు, ఆ పద్యమును ఒకసారి వినిపించినచో దీర్ఘసమాసములకు భయపడవలసిన పని ఉండదు.

చలనచిత్రములకు వెలుపల ఆయన ఇచ్చిన రికార్డులును తక్కువవి కావు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము, కుంతీకుమారి ఆ కంఠమున పలికి, పుస్తకము చదువనేరని వారికిని చేరినవి. తెరమీద నటుడు లేడు, కథ లేదు. పద్యము, కంఠము మాత్రమే కలవు. సినిమా పాటలతో నిండిన సంపుటి వీనిని విడిచినచో, కావ్యమును జనులకు పంచిన ఘంటసాల మనకు కనబడడు.

1969లో వచ్చిన ఏకవీర చిత్రమున, నెల్లూరులో పెరిగిన యువగాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముతో కలిసి ఆయన ఒక పాట పాడిరి. ఒక తరము మరియొక తరమునకు చోటిచ్చిన ఘడియ అది. ఆ పాటకు సంపుటిలో స్థానము ఉండవలెను. 1970లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించెను. 1971లో ఐరోపా, అమెరికా ఖండములలో పర్యటించి అక్కడి తెలుగువారికి గానామృతము పంచిరి. అప్పటికే ఆరోగ్యము క్షీణించుచుండెను.

ఆ దశలో ఆయన చేపట్టిన పని భగవద్గీత. 700 శ్లోకముల గీతనుండి సుమారు నూరు శ్లోకములను గ్రహించి, తెలుగు తాత్పర్యముతో గానము చేసిరి. నిమిషమునకు 33 చుట్లు తిరుగు దీర్ఘరికార్డులు వచ్చియుండుటచే, మూడు నిమిషముల నిర్బంధము అప్పటికి తొలగినది. అయినను ఆయన విస్తారమునకు పోలేదు. ఒక్కొక్క శ్లోకమును భావానుగుణమైన రాగమున, కొద్ది వ్యవధిలో ముగించిరి. వ్యవధి పెరిగినను, మొదట నేర్చిన పొదుపును విడువలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన పరమపదించిరి. వయస్సు 51 సంవత్సరములు. గీత ఆయన మరణానంతరమే జనులకు వినవచ్చెను.

ఏర్చుట యనగా ఏమో ఆ గీతయే నేర్పును. మిగిలిన 600 శ్లోకములు మంచివి కాకపోలేదు. వినువాడు ఆది నుండి అంతము వరకు దారి తప్పక నడచుటకు కావలసినవి మాత్రమే ఆ రికార్డున నిలిచినవి. ఘంటసాలవారి పాటలను కూర్చువారికిని అదే కొలత. బృందగానములోని లేతగొంతు మొదట, స్వీయరచన, పరసంగీతము ప్రక్కప్రక్కన, పద్యము నడుమ, పుష్పవిలాపము పిదప, గీత తుదిని; ప్రతిదానికి ఎదురుగా సంవత్సరము, సంగీతదర్శకుని పేరు, కవి పేరు. జనులు మెచ్చిన పాటలు కొన్ని ఇందు చోటు కోల్పోవచ్చును. వానిని ఊరిలో ఎవరైనను వినిపింపగలరు. బడిలో వినిపింపవలసినది ఒక మనిషి నడచిన త్రోవ.